నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు అలవాటుగా మారితే: ఎలా గుర్తించాలి, ఎవరికి చూపించాలి, ఏం చేయకూడదు

ఇంట్లో పరుపు కిందో, బీరువాలో చీరల మధ్యో నిద్ర మాత్రల షీట్లు దొరికితే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. గొడవ, ఏడుపులు, ఆ రాత్రికి రాత్రే మాత్రలన్నీ బయట పారేయడం. ప్రేమతో చేసే పనే. కానీ ఆల్ప్రజోలం లాంటి మాత్రను నెలల తరబడి వాడిన మనిషికి అది హఠాత్తుగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ప్రాణం మీదికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి మాత్రలు లాక్కోకండి, పారేయకండి. లెక్కపెట్టి, అదే లెక్కతో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తెలంగాణ పల్లెలకు ఈ సంగతి ఇంకో రూపంలో తెలుసు. కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేటే. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడ్డ కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతున్నవాళ్లు, ఏదేదో మాట్లాడుతున్నవాళ్లు వరుస కట్టారు. ఇంట్లో మాత్రల విషయంలోనూ శరీరం అలాగే ఎదురు తిరుగుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం 10–75 ఏళ్ల మధ్యవారిలో సుమారు 1.18 కోట్ల మంది మత్తునిచ్చే మాత్రలను వైద్య అవసరం లేకుండా వాడుతున్నారు. ఇలాంటి వారు ఎక్కువ సంఖ్యలో ఉన్న ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ముందు: ఇది దుర్వినియోగమేనా?

రోజూ మాత్ర వేసుకునే ప్రతివాళ్లూ దానికి బానిసలు కారు. మూర్ఛకు క్లోబజామ్ వాడేవాళ్లు, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవాళ్లు డాక్టర్ చెప్పిన మోతాదులోనే ఉంటే అది వైద్యం. వాళ్లను అనుమానంతో చూసి మందు మాన్పించడం అన్యాయం, ప్రమాదం కూడా.

అనుమానించాల్సింది వీటిని: డాక్టర్ చీటీలో రాసినదానికంటే ఎక్కువ వేసుకోవడం, రెండు వారాలకు రాసినది రెండేళ్లు కొనసాగించడం, పక్కింటివాళ్ల చీటీ మీద కొనడం, నొప్పి లేకపోయినా హుషారు కోసమో దిగులు మర్చిపోవడానికో వేసుకోవడం, మద్యంతో కలపడం, పొడి చేసి లేదా నీళ్లలో కరిగించి సూదితో ఎక్కించుకోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

షీటు తిప్పి చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మనకు కావాల్సింది దాని కింద సన్నగా ఉండే మందు పేరు. మందుల షాపులో బ్రాండు మారినప్పుడల్లా పేరు మారుతుంది, కాబట్టి ఇంట్లో మూడు రకాల షీట్లు కనిపించినా లోపలున్నది ఒకే మందు కావచ్చు.

నిద్ర, ఆందోళన మాత్రల్లో ఎక్కువగా కనిపించేవి ఆల్ప్రజోలం (ఆల్ప్రాక్స్, రెస్టిల్, ట్రైకా), క్లోనజెపామ్ (లోనజెప్, క్లోనోట్రిల్), లోరజెపామ్ (అటివాన్), డయాజెపామ్, నైట్రజెపామ్, ఎటిజోలం, జోల్పిడెమ్. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, టపెంటడాల్. దగ్గు మందుల్లో కోడీన్. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్‌నూ ఈ మధ్య మత్తు కోసం వాడుతున్నారు.

చాలామంది కంట పడనివి జంట మందులు. దిగులుకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన మాత్రలు, దడకు ఇచ్చే ప్రొప్రనలాల్‌తో ఎటిజోలం లేదా ఆల్ప్రజోలం కలిపినవి బోలెడు ఉన్నాయి. పేరు చివర 'ప్లస్' లాంటి తోక ఉంటే లోపల ఇంకో మందు ఉందేమో చూడండి. 'నేను నిద్ర మాత్ర వేసుకోవట్లేదు, బీపీ మాత్రే' అనే పెద్దవాళ్లు నిజాయితీగానే చెబుతుంటారు. వాళ్లకే తెలియదు.

షీటు మీద ఎర్రటి గడిలో హెచ్చరిక ఉంటే అది చాలావరకు షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీ చూసే అమ్మాల్సిన ప్రత్యేక జాబితాలోది. ఈ నిబంధన 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఎర్ర అక్షరాల్లో 'ఎన్ఆర్ఎక్స్' అని ఉంటే ఆ మందు మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ పరిధిలోకి వస్తుంది. ట్రమడాల్‌ను 2018లో ఆ పరిధిలోకి తెచ్చారు. చీటీ లేకుండా ఇవి ఇస్తున్న షాపు గురించి డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.

రోజుకు ఎంత? లెక్క కట్టండి

డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలా కుటుంబాలు జవాబు చెప్పలేక తడబడేదీ ఇక్కడే. 'చాలా వేసుకుంటున్నాడండీ' అంటే వైద్యానికి పనికిరాదు. మిల్లీగ్రాముల్లో కావాలి.

ఉదాహరణకు ఆల్ప్రజోలం 0.5 మి.గ్రా. షీటులో 15 మాత్రలు. పది రోజుల్లో మూడు షీట్లు ఖాళీ అయ్యాయి. 45 మాత్రలు భాగించు 10, రోజుకు నాలుగున్నర. నాలుగున్నరను 0.5తో గుణిస్తే రోజుకు 2.25 మి.గ్రా. పాత చీటీలో రాసింది రాత్రికి 0.25 మి.గ్రా. అయితే, మనిషి ఇప్పుడు తొమ్మిది రెట్ల మీద ఉన్నాడు.

ట్రమడాల్ మాత్రలకు ఈ లెక్క రెండుసార్లు చేయాలి. అల్ట్రాసెట్ లాంటి వాటిలో ఒక్కో మాత్రలో ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. రోజుకు 12 మింగితే ట్రమడాల్ 450 మి.గ్రా., పారాసిటమాల్ 3,900 మి.గ్రా. పెద్దవాళ్లకు ట్రమడాల్ రోజుకు 400 మి.గ్రా. దాటకూడదు. దాటేకొద్దీ ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. పారాసిటమాల్ గరిష్ఠ పరిమితి 4,000 మి.గ్రా. అంటే మధ్యలో జ్వరమొచ్చి ఒక్క మామూలు 500 మి.గ్రా. మాత్ర వేసుకున్నా అదీ దాటిపోతుంది. కాలేయం దెబ్బతింటున్న సంగతి మొదటి రోజు పైకి తెలియదు. రెండు మూడు రోజుల తర్వాత కళ్లు పచ్చబడ్డాకే బయటపడుతుంది.

ఒక నోటు పుస్తకంలో తేదీ, వేళ, మందు పేరు, ఎన్ని మి.గ్రా., ఎన్ని మాత్రలు, ఆ రోజు మద్యం తాగారా అన్నవి రాయండి. ఖాళీ షీట్లు పారేయకుండా ఒక కవర్లో దాచండి. మనిషి ఒప్పుకుంటే ఫోన్‌పేలో మందుల షాపుకు వెళ్లిన చెల్లింపులు, ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా చూడండి. లెక్క కట్టడంలో సగం అబద్ధాలు, సగం మతిమరుపు కలుస్తాయి. ఈ మందులు జ్ఞాపకశక్తినే దెబ్బతీస్తాయి కాబట్టి ప్రతి తప్పు లెక్కనూ మోసమనుకోకండి.

ఏ మందుకు ఏ లక్షణాలు

నిద్ర మాత్రలు ఎక్కువైతే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, నిన్న రాత్రి ఏం మాట్లాడారో గుర్తుండదు, పగలంతా కునికిపాట్లు. మందు అందకపోతే సరిగ్గా దీనికి వ్యతిరేకం: నిద్ర అసలు పట్టదు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, చిరాకు, వణుకు. అరవై దాటినవాళ్లలో ఇది 'వయసు మీద పడింది' అన్న మాట కింద దాగిపోతుంది. రాత్రి బాత్రూమ్‌కు లేచి పడి తుంటి ఎముక విరిగినా, ఉన్నట్టుండి మతిమరుపు పెరిగినా, పెద్దాయన వేసుకునే మాత్రల డబ్బా ముందు చూడండి.

ట్రమడాల్, టపెంటడాల్, కోడీన్ ఓపియాయిడ్ జాతివి, అంటే నల్లమందు తరహాలో పనిచేసేవి. వేసుకున్నాక కంటిపాపలు ఆవగింజంత చిన్నవవుతాయి, మలబద్ధకం, దురద, కూర్చున్నచోటే తల వాలిపోవడం. ఆఖరి మోతాదు పడిన సుమారు 12 నుంచి 24 గంటల్లో ముక్కు కారడం, ఆవులింతలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు మొదలై రెండు మూడు రోజులకు ముదురుతాయి. దీన్ని జ్వరం అనుకుంటారు. మాత్ర పడిన గంటలో 'జ్వరం' పోతుంది. నెలకోసారి వచ్చి ఒక్క మాత్రకే మాయమయ్యే ఇలాంటి జ్వరాన్ని అనుమానించాలి. ట్రమడాల్‌కు ఇంకో గుణం కూడా ఉంది: దిగులు మందులతో కలిస్తే వణుకు, విపరీతమైన చెమటలు, జ్వరం, గందరగోళం రావచ్చు. దీన్ని అత్యవసరంగానే చూడాలి.

జిమ్‌లలో మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు వాడే కుర్రాళ్లలో దడ, నిద్రలేమి, అకారణ అనుమానాలు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మత్తువి కావు. కానీ ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. ఇవి కూడా డాక్టర్ చేతుల్లోనే తగ్గాలి.

అత్యవసరం: ఇవి కనిపిస్తే 108

ఛాతీ వైపు చూస్తూ గడియారంతో ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 ఉండాలి. పదికి తగ్గినా, మధ్యలో ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, గట్టిగా పిలిచి భుజం తట్టినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గొంతులో గురగురమంటూ వచ్చే గురకను 'హాయిగా పడుకున్నాడు, లేపకు' అని వదిలేయడం వల్ల ప్రాణాలు పోతాయి.

అంబులెన్స్ వచ్చేలోపు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఊపిరి ఆగిపోతే 108 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) చేయండి. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పు నీళ్లు ఏవీ తాగించకండి. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళం చెవులు పెట్టడం వద్దు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, ఎన్ని నిమిషాలు కొట్టుకున్నారో చూడండి.

ఖాళీ షీట్లు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఓపియాయిడ్ అయితే నలాక్సోన్ ఇంజెక్షన్‌తో ఊపిరి తిరిగి వస్తుంది. కానీ దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గుతుంది, లోపలి మందు ఇంకా ఉంటుంది. అందుకే 'లేచి కూర్చున్నాడు కదా, ఇంటికి తీసుకెళ్తాం' అనకూడదు. కావాలనే ఎక్కువ మింగారని అనుమానం ఉంటే ఎంత మామూలుగా కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు.

ఎలా మాట్లాడాలి

మత్తులో ఉన్నప్పుడు వద్దు, మందు అందక వణుకుతున్నప్పుడూ వద్దు. పొద్దున్నే, టిఫిన్ అయ్యాక, ఇంట్లో ఎవరో ఒక్కరే మాట్లాడండి. బావగారు, మేనమామ, పెదనాన్న అందరూ చుట్టూ కూర్చుని పంచాయితీ పెడితే మనిషి ముడుచుకుపోతాడు.

నేరారోపణతో కాకుండా నిద్ర గురించో నొప్పి గురించో మొదలుపెట్టండి. 'నాన్నా, ఆ మాత్ర లేని రాత్రి నీకు ఎలా ఉంటుంది?' 'అత్తయ్యా, ఈ మాత్ర మీకు మొదట ఎవరు రాశారు, ఎన్నాళ్లకు రాశారు?' 'తమ్ముడూ, నిన్ను తిట్టడానికి కాదురా, రోజుకు ఎన్ని వేసుకుంటున్నావో డాక్టర్‌కి చెప్పాలి.' వెంటనే చెప్పాల్సిన రెండో మాట: 'ఇవాళే మానేయమనట్లేదు.' భయమంతా అక్కడే ఉంటుంది. ఆ ఒక్క మాటతో చాలామంది నిజమైన లెక్క చెప్పేస్తారు.

పిల్లల మీద ఒట్టు వేయించుకోవడం, గుళ్లో ప్రమాణం చేయించడం వల్ల మాత్ర ఆగదు. దాచడం పెరుగుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

దారి తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. ఇది మత్తు విముక్తికి సంబంధించిన జాతీయ టోల్‌ఫ్రీ లైన్, దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు. మానసిక ఇబ్బంది, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే 14416, టెలి మానస్. తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు అక్రమంగా అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి 1933.

చూపించాల్సింది సైకియాట్రిస్టుకు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. క్లిష్టమైన కేసులకు బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, ఖాళీ షీట్ల కవరు, నోటు పుస్తకం, షుగర్–బీపీ మందుల పేర్లు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, మద్యం ఎంత అన్న వివరాలు పట్టుకెళ్లండి. అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాత ఉంటే ఆ నాలుగు రోజులూ మోతాదు పెంచకుండా, ఆపకుండా, మద్యం కలపకుండా చూడండి. వణుకు, గందరగోళం మొదలైతే ఆగకుండా క్యాజువాలిటీకి.

మూత్ర పరీక్ష గురించి ఒక మాట. దుకాణాల్లో దొరికే కిట్‌తో రహస్యంగా పరీక్షించి నిర్ధారించుకోవాలనుకుంటారు. ఓపియేట్ పరీక్షలో ట్రమడాల్ సాధారణంగా పట్టుబడదు. క్లోనజెపామ్, లోరజెపామ్ కూడా కొన్ని కిట్లలో తప్పించుకుంటాయి. 'నెగెటివ్ వచ్చింది కాబట్టి ఏమీ లేదు' అనుకోవడం పొరపాటు, నమ్మకం చెడగొట్టుకోవడం దానికి అదనం.

వైద్యం ఎలా సాగుతుంది

నిద్ర మాత్రలను మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అప్పటి మోతాదులో 5–10 శాతం. రెండు వారాల్లో 25 శాతానికి మించి కోయరు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టవచ్చు. చివరి చిన్న మెట్లే అన్నిటికంటే కష్టం. కొన్నిసార్లు త్వరగా దిగిపోయే ఆల్ప్రజోలం బదులు నెమ్మదిగా దిగే డయాజెపామ్‌కు మార్చి తగ్గిస్తారు. ఈ మార్పు లెక్క డాక్టరే వేయాలి, ఒక మి.గ్రా.కు ఒక మి.గ్రా. సరిపోదు.

ప్రతి మెట్టు దగ్గరా కొన్ని రోజులు నిద్ర చెడుతుంది. 'పాత జబ్బు తిరగబెట్టింది' అనుకుని మళ్లీ పాత మోతాదుకు వెళ్లిపోయేది ఇక్కడే. అది జబ్బు కాదు, మందు తగ్గినందుకు మెదడు సర్దుకుంటోంది, సాధారణంగా తగ్గుతుంది. ఓర్చుకోలేకపోతే డాక్టర్‌కు చెప్పి అదే మెట్టు మీద ఇంకొన్ని రోజులు ఆగవచ్చు. నిద్రకు మాత్ర లేని శిక్షణ, అంటే సీబీటీ-ఐ, ఈ సమయంలోనే మొదలుపెడితే మంచిది. నెమ్మదిగా విడుదలయ్యే ఎస్ఆర్, సీఆర్ మాత్రలను సొంతంగా ముక్కలు చేయకండి. మొత్తం మందు ఒక్కసారిగా విడుదలవుతుంది.

ఓపియాయిడ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్. దీని మీద నెలలు, ఏళ్లు నిలకడగా ఉండవచ్చు. 'ఒక మత్తు పోయి ఇంకో మత్తు' అని చుట్టాలు అనే మాట నమ్మి మధ్యలో ఆపించకండి. ప్రాణాలు నిలబెడుతున్న మందు అది. రెండోది నాల్ట్రెక్సోన్, ఓపియాయిడ్ ప్రభావాన్ని అడ్డుకునే మందు. ఓపియాయిడ్ ఆగి కనీసం 7 నుంచి 10 రోజులు అయ్యాకే ఇవ్వాలి. ముందే ఇస్తే గంటలోపే తీవ్రమైన బాధలు మొదలవుతాయి. వ్యసనం మాన్పించే మందును కాఫీలో కలిపి తెలియకుండా ఇవ్వమనే ప్రకటనలు కనిపిస్తాయి. ఎంత మాత్రం ఆ పని చేయకండి.

డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు

అందరికీ చేరిక అక్కర్లేదు, చాలామందికి ఓపీ వైద్యం చాలు. ఫిట్స్ చరిత్ర, ఎక్కువ మోతాదు, మద్యం కలయిక, ఆత్మహత్య ప్రమాదం ఉంటే చేర్చాలి. సెంటర్‌లో ఈ ప్రశ్నలు అడగండి: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారు? రాత్రి నర్సు ఉంటారా? ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఇంటివాళ్లు ఫోన్‌లో మాట్లాడవచ్చా? 'మా దగ్గర మందుల్లేకుండా వారంలో మాన్పిస్తాం' అన్నారంటే నిద్ర మాత్రల కేసును అక్కడ చేర్చకండి. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కునూ అదే చట్టం ఇచ్చింది.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి రానివాళ్లు చాలామంది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, వ్యసనంలో ఉన్న వ్యక్తి మీద ఉన్నది సొంత వాడకం లేదా కొద్ది పరిమాణంలో మత్తు మందుకు సంబంధించిన అభియోగమే అయి, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స పూర్తిగా తీసుకోకపోతే ఆ రక్షణ ఉపసంహరించవచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మాత్రలు పంపేవారు ఒకటి గుర్తుంచుకోండి. ట్రమడాల్, కోడీన్ లాంటివి యూఏఈలో నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి, చీటీ లేకుండా బ్యాగులో కనిపిస్తే కేసవుతుంది. ఊరివాళ్ల పార్శిల్‌లో ఏముందో విప్పి చూడకుండా తీసుకెళ్లకండి.

ఇంట్లో, ఆ తర్వాత

మోతాదు తగ్గుతున్నంత కాలం షీట్లు ఒకరి దగ్గరే ఉండాలి, తాళం వేసి. వారానికి సరిపడా మాత్రమే డబ్బాలో పెట్టివ్వండి. ఒకే డాక్టర్, ఒకే మందుల షాపు. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఊళ్లో ఆర్ఎంపీ సూది వేస్తానన్నా ముందు ఈ సంగతి చెప్పాలి. వైద్యం పూర్తయ్యాక మిగిలిన మాత్రలు బీరువాలో దాచకండి. ట్రమడాల్, టపెంటడాల్, డయాజెపామ్ లాంటి వాటిని కమోడ్‌లో వేసి నీళ్లు వదలమని 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది, పిల్లల చేతికో, ఇంకొకరి చేతికో చిక్కకుండా.

మళ్లీ ఒకరోజు వేసుకున్నారని తెలిస్తే ఎప్పుడు, ఎన్ని, ఏ కారణంతో అని అదే పుస్తకంలో రాసి, అదే వారంలో అదే డాక్టర్‌కు చూపించండి. ఓపియాయిడ్ల విషయంలో మాత్రం ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని వారాలు మానేసిన శరీరానికి పాత తట్టుకునే శక్తి పోతుంది, మునుపు రోజూ వేసుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. డీ-అడిక్షన్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాల్లో ఈ సంగతి ఆ మనిషికి, ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. రాత్రిపూట ఆ గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోనివ్వకండి.